ఐసు వద్దన్న డాక్టరుగారు

మద్రాసులో హోటలు పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు పోయిన నెలలో కొండకి వచ్చి, దిగాక నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. తిరుపతిలో ఒక ముసలి బట్లరు ఉన్నాడు, తెల్లదొరల కాలం నాటివాడు అని ఎవరో చెప్పారట. విస్కీ ఏ గ్లాసులో పోయాలి, ఐసు ముందు వేయాలా తర్వాత వేయాలా, సీసానే చల్లబరచాలా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ రోజు నా మోకాళ్ళు నా మాట వినడం లేదు. ఏదో రెండు ముక్కలు చెప్పి పంపేశాను. వాళ్ళు వెళ్ళాక మనసు ఊరుకోలేదు. పాపం అంత దూరం నుంచి వచ్చినవాళ్ళకు గ్లాసుల సంగతి చెప్పాను గానీ పని సంగతి చెప్పలేదే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు జోజప్ప. చిత్తూరు జిల్లాలో దొరల బంగళాల్లోనూ, మన పెద్దమనుషుల ఇళ్ళల్లోనూ బట్లరుగా చేసి ఒళ్ళు అరగదీసుకున్నవాణ్ణి. ఇక్కడ రాసేది చాలావరకు రెండో ప్రపంచయుద్ధం నాటి సంగతులు, యుద్ధం అయిపోయాక కొన్నేళ్ళవి. ఏ ఇంట్లో ఎన్నాళ్ళు చేశాను, ఎవరు ఏ సర్టిఫికెట్టు ఇచ్చారు అనేది ఎవరికీ అక్కర్లేదు. నాకే గుర్తు లేదు.

నిలబడే ఉద్యోగం

బట్లరు పని అంటే ట్రే పట్టుకోవడం అనుకుంటారు. అది కాదు. నిలబడటం. గోడ పక్కన, అలికిడి లేకుండా, మనిషి ఉన్నాడని తెలియకుండా నిలబడాలి. పిలిచిన మరుక్షణం మాత్రం ఎదుట ఉండాలి. మొదట్లో కాళ్ళు పీకుతాయి. కొన్నాళ్ళకు కాళ్ళు అలవాటు పడతాయి, మనసు పీకడం మొదలుపెడుతుంది. నేను చేసిన ఒక ఇంట్లో యజమాని నా ఎదుటే భార్యను నానా మాటలూ అనేవాడు. నేను ఉన్నానని దాచుకోవాలని కూడా ఆయనకు తోచేది కాదు. గదిలో బీరువా ఉంది, బల్ల ఉంది, జోజప్ప ఉన్నాడు, అంతే.

అలా నిలబడి ఉన్నవాడి చెవుల్లో, కళ్ళల్లో చాలా పడతాయి. వాటిని ఏం చేసుకోవాలో ఏ బడిలోనూ నేర్పరు. నాకూ ఎవరూ నేర్పలేదు.

గ్లాసులు

గ్లాసుల సంగతి నాకు చెప్పినవాడు పాకాల స్టేషను దగ్గర ఉండిన రైల్వే ఇంజనీరు దొర. కోపిష్ఠి. కానీ చెప్పిందే చెప్పి నేర్పేవాడు, ఆ రుణం నాకు ఉంది.

ఇంట్లో తాగేవాడికి రెండు రకాల గ్లాసులు చాలు. సోడా, ఐసు వేసుకునేవాడికి అడుగు దళసరిగా, మూతి వెడల్పుగా ఉండే పొట్టి గ్లాసు. ఐసు పడినా అడుగు పగలదు, చేతిలో బరువుగా కుదురుతుంది. ఏమీ కలపకుండానో, కాసిని నీళ్ళతోనో తాగేవాడికి పలచటి చిన్న గ్లాసు, మూతి కొంచెం లోపలికి తిరిగింది. వాసన పైకి చెదిరిపోకుండా మూతి దగ్గరే ఉంటుంది. విస్కీలో సగం వాసనే కదా. నగిషీలు చెక్కిన మెరిసే గ్లాసులు షోకుకు బాగుంటాయి. ఆ నగిషీల్లో చేరిన జిడ్డు వదిలించేసరికి మనకు తల ప్రాణం తోకకు వస్తుంది. వెండి లోటాలో తాగే పెద్దమనుషులను కూడా చూశాను. ఎదురింటివాళ్ళు పాలు అనుకోవాలని వాళ్ళ ఆశ. ఆ వాసన పాలదా కాదా అని వీధికంతా తెలుస్తుంది, వెండిలో రుచి మాత్రం పాడవుతుంది.

గ్లాసును బూడిదతోనూ ఇటుక పొడితోనూ తోమకండి, గీతలు పడతాయి. వేడినీళ్ళల్లో ముంచి తీసి, ఆరనిచ్చి, బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కతో తుడవండి. కొత్త గుడ్డ నూగు వదులుతుంది. బీరువాలో గ్లాసు బోర్లించకండి, లోపల గాలి మగ్గి వాసన పడుతుంది. గ్లాసుకు వాసన ఇట్టే అంటుకుంటుంది, ఈ మాట నాకు బాగా తెలుసు. బొద్దింకలు పడుతున్నాయని నేనొకసారి గ్లాసుల బీరువాలో కర్పూరం బిళ్ళలు పెట్టాను. ఆ సాయంత్రం ఇద్దరు అతిథుల ముందు ఇంజనీరు దొర గ్లాసు ఎత్తి, ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. వాళ్ళు పోయాక నన్ను బీరువా దగ్గరికి తీసుకుపోయి, తలుపు తెరిచి, నా తల లోపలికి తోసి, “పీల్చు” అన్నాడు. పీల్చాను. “ఇది గుడినా? నేను సామినా?” అన్నాడు వచ్చీరాని తెలుగులో. ఆ తర్వాత నేను పనిచేసిన ఏ ఇంట్లోనూ గ్లాసుల దగ్గరికి వాసన ఉన్న వస్తువును రానివ్వలేదు.

చల్లబరచడం

మా ఎండలు మీకు తెలుసు. అప్పట్లో ఐసు పెట్టెలు ఎవరి ఇంట్లోనూ లేవు. మద్రాసు నుంచి రైల్లో, రంపపుపొట్టులో కప్పి, గోనెపట్టాలో చుట్టి ఐసుదిమ్మలు రేణిగుంటలో దిగేవి. అక్కడ నుంచి జట్కాలో తిరుపతి చేరేసరికి సగం దిమ్మ నీళ్ళయి దారిలోనే పోయేది. యుద్ధం రోజుల్లో అదీ సరిగా వచ్చేది కాదు.

ఐసు లేని రోజు ఏం చేసేవాళ్ళం? నల్లమట్టి కూజాను ఇసుకలో పాతి, ఇసుకను తడుపుతూ గాలి తగిలేచోట ఉంచేవాళ్ళం. సోడా సీసాలకు తడిగుడ్డ చుట్టి కిటికీలో వేలాడదీసేవాళ్ళం. దొరల ఇళ్ళల్లో అయితే తొట్టెలో సురేకారం కలిపిన నీళ్ళు పోసి అందులో నీళ్ళసీసా నిలబెట్టేవాళ్ళం. ఆ ఉప్పు కరిగేటప్పుడు చెయ్యి పెడితే జివ్వుమంటుంది. సీసా చుట్టూ పెట్టవలసిందే తప్ప ఆ నీళ్ళు నోట్లోకి పోకూడదు.

ఒక్కటి గుర్తు పెట్టుకోండి. చల్లబరచవలసింది నీళ్ళను, విస్కీని కాదు. విస్కీని మరీ చల్లబరిస్తే వాసన ముడుచుకుపోతుంది, మంట తెలియదు, మనిషి మంచినీళ్ళలాగా తాగేస్తాడు. పుత్తూరు వైపు ఒక జమీందారుగారు ఈ మాట వినలేదు. సీసాలను బుట్టలో పెట్టి బావిలో దింపించాడు. సాయంత్రం తీసేసరికి సీసాల మీది కాగితాలన్నీ ఊడి నీళ్ళ మీద తేలుతున్నాయి. ఏ సీసా సీమ సరుకో, ఏ సీసా నాటు సరుకో ఎవరికీ తెలియదు. అతిథులు అన్నిటినీ సీమ సరుకేనని మెచ్చుకుంటూ తాగారు. జమీందారుగారి ముఖం చూడాలి ఆ పూట. నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి పోయాను.

ఇంతవరకూ చెప్పింది పని. పిల్లలూ, మీరు అడిగింది ఇదే. మీరు అడగనిది ఇంకొకటి ఉంది. ఎవరైనా ఐసు వద్దంటే అది రుచి కోసమే అని అనుకోకండి.

తిరుపతి డాక్టరుగారు

యుద్ధం ముగిశాక మా జిల్లాలో మద్యనిషేధం మళ్ళీ గట్టిగా పెట్టారు. పర్మిట్టు ఉన్నవాళ్ళు మాత్రం ఇంట్లో తాగవచ్చు. అలాంటి పర్మిట్టు ఉన్న ఒక డాక్టరుగారి ఇంట్లో నేను చేరాను, తిరుపతిలోనే. కోత పనిలో, అంటే ఆపరేషన్లలో, ఆయనకు మంచి పేరు. చంద్రగిరి నుంచీ, కాళహస్తి నుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన చెయ్యి పడితే చాలని జనం నమ్మకం. మాట తక్కువ మనిషి. నన్ను ఒక్కరోజూ కసిరింది లేదు.

భార్య చాలా నిష్ఠ గల మనిషి. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. వీధివైపు గది డాక్టరుగారిది, అందులోనే ఆయన తాగడం. ఆ గదిలోని గ్లాసూ సీసా గడప దాటి ఇంట్లోకి పోకూడదు, అమ్మగారు గడప దాటి ఆ గదిలోకి రాదు. గ్లాసులు కడగడానికి నాకు వాకిట్లో వేరే తొట్టె. నాతో ఏమన్నా చెప్పాలంటే అమ్మగారు గడప అవతల, తలుపు చాటున నిలబడి చెప్పేది.

ఐసూ సోడా తెచ్చేవాడు మస్తాన్. బజారులో అతనికి గోలీసోడా అంగడి. రేణిగుంట పోయి ఐసు తెచ్చి ముందు మా ఇంట్లో ఇచ్చి, తర్వాతే అంగడికి పోయేవాడు. ఒకప్పుడు అతని తమ్ముడి కాలు కుళ్ళిపోతుంటే డాక్టరుగారు కాపాడారు. అప్పటినుంచి డాక్టరుగారు అతనికి దేవుడి తర్వాత దేవుడు.

అమ్మగారికి ఒక అలవాటు. సాయంత్రం దీపం పెట్టి లోపల వత్తులు చేసుకుంటూ కూర్చునేది. చెవి మాత్రం వీధి గదిలో ఉండేది. నేను గ్లాసులో ఐసు వేసిన ప్రతిసారీ టంగుమని వినిపిస్తుంది కదా. దాన్ని బట్టి ఆ పూట ఆయన ఎంత తాగిందీ ఆమెకు తెలిసేది. మరునాడు ఆమె ముఖం చూస్తే రాత్రి ఎలా గడిచిందో నాకు తెలిసేది.

కొన్నాళ్ళకు ఇంకో చప్పుడు మొదలైంది. మొదటి గ్లాసు డాక్టరుగారు చేతిలోకి తీసుకోగానే ఐసుముక్కలు గాజుకు తగిలి సన్నగా గలగలమనేవి. గ్లాసు తిప్పుతున్నారేమో అనుకున్నాను, కొందరికి ఆ అలవాటు ఉంటుంది. ఆయన తిప్పడం లేదు. గ్లాసు నోటిదాకా పోయేవరకూ ఆ గలగల ఆగేది కాదు. రెండో గ్లాసుకు ఉండేది కాదు. చెయ్యి కుదురుకునేది. తాగితే చెయ్యి వణుకుతుందని అందరూ అంటారు. బాగా ముదిరినవాడికి తాగనప్పుడు వణుకుతుంది, తాగితే నిలుస్తుంది. అది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే ఆయన ఆసుపత్రిలో కోతలు కోసేది పొద్దున పూట.

ఒక సాయంత్రం ఆయన ఆ చప్పుడు విన్నారు. విన్నారని నాకు తెలుసు, గ్లాసును రెండో చేత్తో పట్టుకుని దాని వైపు చాలాసేపు చూశారు. తర్వాత మామూలుగా అన్నారు.

“జోజప్పా, ఇంక ఐసు వద్దు. ఐసేస్తే దాని రుచి చచ్చిపోతాది. నీళ్ళు మాత్రం చల్లగా ఉండనీ. ఆ దళసరి గ్లాసు ఉండాది చూడు, దాంట్లోనే పొయ్యి.”

అలాగేనన్నాను. ఐసును నీళ్ళకూజా చుట్టూ పెట్టడం మొదలుపెట్టాను. అప్పుడప్పుడూ వచ్చే ఒక వకీలుగారు అది చూసి, “తాగేది ఎట్లనో మా డాక్టరు దగ్గర నేర్చుకోవాలప్పా, దొరలు కూడా ఇట్లే తాగుతారంట” అని తెగ మెచ్చుకున్నారు. డాక్టరుగారు నవ్వారు. దళసరి గ్లాసు, సగానికి తక్కువ పోసిన విస్కీ, ఐసు లేదు. చెయ్యి వణికినా చుక్క ఒలకదు, చప్పుడు రాదు.

కొద్ది వారాలకు అమ్మగారు నన్ను గడప దగ్గరికి పిలిచింది. చేతిలో ఆకు మీద ప్రసాదం.

“జోజప్పా, మీ కిరస్తానమోళ్ళు తింటారో తినరో నాకు తెలీదు. తీసుకో. నిన్న కొండకి పోయొచ్చినాను.”

“బస్సులోనా అమ్మా?” అన్నాను. కొండకి మోటారు రోడ్డు పడి అప్పటికి కొన్నేళ్ళయింది.

“బస్సు యాడ? నడిచే పోయినాను. మొక్కు కదా. ఆయన మానుకుంటే నడిచొస్తానని సామికి మొక్కినా. ఈ మధ్య నీ ఐసు చప్పుడే లేదు కదబ్బా. నేను రోజూ వింటానే ఉండాను. ఒక్క పూట కూడా లేదు.” ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి. ముఖం మాత్రం పెళ్ళికూతురి ముఖంలాగా వెలిగిపోతోంది. “ఆయన్ని అడగలేదు. అడిగితే మొగోళ్ళకి రోషమొస్తాది. నువ్వూ అనద్దు.”

ప్రసాదం కళ్ళకద్దుకుని తీసుకున్నాను. నేను యేసయ్యను నమ్మినవాణ్ణి, అయినా ఆ ప్రసాదాన్ని కాదనడానికి నాకు మనసు రాలేదు. వాకిట్లోకి వచ్చి దాన్ని చేతిలోనే పెట్టుకుని కూర్చుండిపోయాను. ఎవరికి చెప్పాలి? ఏమని చెప్పాలి? అంతగా నమ్మిన మనిషిని నా నోటితో కూలదోయాలా?

ఆ వారంలోనే మస్తాన్ ఐసు దించుతూ, భార్య ఫాతిమాకు కడుపులో గడ్డ ఉందనీ, డాక్టరుగారు వచ్చే గురువారం పొద్దున కోత పెట్టుకున్నారనీ చెప్పాడు. చెప్పేటప్పుడు అతనిలో దిగులు లేదు. దిగులంతా నాకు వచ్చింది.

“వేలూరికి తీసకపోరాదా మస్తానూ? ఆడ పెద్ద పెద్ద డాక్టర్లు ఉండారంట,” అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. “ఏందబ్బా నువ్వు? ఈ ఇంట్లో ఉప్పు తింటా ఆ మాటంటావా? మా డాక్టరుసాబు ఈడుండగా వేలూరికి ఎందుకు పోతాం? ఆయన చెయ్యి పడితే సచ్చినోళ్ళు లేస్తారు. సూడు, నా తమ్ముడు రెండు కాళ్ళ మీద తిరగతాండాడు.”

“అది కాదు మస్తానూ...”

“ఏది కాదు?”

ఏం చెప్పను? నీ భార్య కడుపు మీద పడబోయే చెయ్యి వణుకుతోంది అని చెప్పాలా? చెబితే నమ్మడు. నమ్మితే ఊరంతా పాకుతుంది. ఆయన చేత కోయించుకున్నవాళ్ళు ఇళ్ళిళ్ళా ఉన్నారు. డాక్టరుగారికే చెబుదామంటే, బట్లరు యజమాని చేతిని గురించి మాట్లాడటమా? ఆ కాలంలో అది జరిగే పని కాదు. ఈ కాలంలోనూ జరగదనుకుంటాను.

బుధవారం వచ్చింది. దీపాలు పెట్టే వేళ మస్తాన్ ఐసు తెచ్చి, మరునాడు ఫాతిమాను ఎప్పుడు తీసుకురావాలో, ఏం తినిపించకూడదో అడగడానికి వీధి గది గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరుగారు చెబుతున్నారు. లోపల అమ్మగారు వత్తులు చేసుకుంటోంది. నేను పక్క బల్ల దగ్గర ఉన్నాను.

దళసరి గ్లాసు ఎదురుగానే ఉంది. నేను దాన్ని తీయలేదు. పలచటి గ్లాసు తీశాను. మస్తాన్ అప్పుడే దించిన దిమ్మలోంచి ముక్కలు కొట్టాను. రెండు ముక్కలు గ్లాసులో వేశాను. టంగుమంది. లోపల అమ్మగారి గాజుల చప్పుడు ఆగిపోయింది. విస్కీ పోసి, నీళ్ళు కలిపి, ట్రేలో పెట్టి డాక్టరుగారి ముందు ఉంచాను. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను.

ఆయన గ్లాసు చూశారు. నన్ను చూశారు. మస్తాన్ ఇంకా ఏదో అడుగుతున్నాడు. గ్లాసు తీసేయమని నాతో అనవచ్చు. అనలేదు. చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నారు.

గలగల మొదలైంది. చిన్న గది, ఎక్కడా వేరే చప్పుడు లేదు. ఆయన రెండో చెయ్యి కూడా గ్లాసు చుట్టూ వేశారు. అయినా ఆగలేదు. మస్తాన్ మాట్లాడటం ఆపి, ఏమీ అర్థం కాక, ఆ గ్లాసు వైపు చూస్తున్నాడు. డాక్టరుగారు గ్లాసును నోటి దగ్గరికి తీసుకుపోలేదు. కింద కూడా పెట్టలేదు. పట్టుకుని అలాగే వింటూ కూర్చున్నారు.

లోపలి తలుపు తెరుచుకుంది. అమ్మగారు గడప దగ్గర ఆగింది. తర్వాత గడప దాటింది. ఆ ఇంట్లో నేను చేరినప్పటినుంచి ఆమె ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. నేరుగా ఆయన దగ్గరికి వచ్చి, ఆ గ్లాసును, మైలని తను ఎన్నడూ తాకని దాన్ని, ఆయన రెండు చేతుల్లోంచి తన చేతిలోకి తీసుకుంది.

ఆమె చేతిలో ఐసు చప్పుడు చేయలేదు.

ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాక్టరుగారు మస్తాన్ వైపు తిరిగారు.

“మస్తానూ, రేపు కోత లేదు. ఫాతిమాని వేలూరికి తీసకపో. ఆడ నాకు తెలిసిన డాక్టరమ్మ ఉండాది. పొద్దున ఆసుపత్రికి రా, చీటీ ఇస్తా.”

మస్తాన్ ముఖం మాడిపోయింది. “ఏం సామీ? మీరే కోస్తానంటిరి కదా. నేను పేదోణ్ణి అనా?”

“నేను కోయను. పో.”

“మీ చెయ్యి మింద నమ్మకంతో...”

“పొమ్మన్నా కదా!” అని అరిచారు. ఆయన అరవడం నేను విన్నది అదొక్కసారే. మస్తాన్ తువ్వాలు భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను పొమ్మనే మాట కోసం నిలబడి ఉన్నాను. డాక్టరుగారు నా వైపు చూడకుండా మాట్లాడారు.

“నేను చూడల్యా అనుకున్నావా జోజప్పా? అందరికంటే ముందు చూసింది నేనే. ఇంకొకరు చూసేదాకా పర్వాలేదులే అని కోస్తా వచ్చినా.”

నేను ఖాళీ ట్రే చేతిలోకి తీసుకున్నాను.

“మస్తాన్‌కి మాత్రం చెప్పద్దు. నా చేతికింద పడుకోని లేచినోళ్ళు ఊరంతా ఉండారు. వాళ్ళకి ఇప్పుడు భయమెందుకు?”

ఆ తర్వాత

ఆయన మళ్ళీ కత్తి పట్టలేదు. జ్వరాలకూ దగ్గులకూ మందులు ఇస్తూ కాలం గడిపారు. తాగడం మానేశారా అంటే, లేదు. కథల్లో మానేస్తారు. తగ్గించారు, అదీ అమ్మగారు సాయంత్రాలు ఆ గదిలోనే చాప వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక. నన్ను పొమ్మనలేదు. ఆ సాయంత్రం గురించి మళ్ళీ మాట్లాడలేదు. నేను చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను, నాకు ఓపిక ఉన్నంతకాలం.

వేలూరులో ఫాతిమాకు కోత జరిగింది, బాగుపడింది. మస్తాన్ మా ఇంటికి ఐసు తేవడం మానేశాడు. ఎదురైతే ముఖం తిప్పుకునేవాడు. డాక్టరు డబ్బున్నోళ్ళకే కోస్తాడు, మాబోటోళ్ళని గెంటేస్తాడు అని అంగడికి వచ్చినవాళ్ళందరితోనూ అనేవాడు. ఆ మాట డాక్టరుగారి చెవిన కూడా పడింది. నేను ఒకసారి తట్టుకోలేక, “నేను పోయి చెప్పి వస్తానయ్యా” అన్నాను. “వద్దు. అననీ” అన్నారు. అంత పేరున్న మనిషి ఆ అపవాదును మోస్తూనే పోయారు. ఆయన పోయిన రోజు వాకిట్లో జనం పట్టలేదు. మస్తాన్ రాలేదు.

చెప్పవద్దన్న మాటను కొన్నాళ్ళు కాపాడాను. యజమాని పోయాక ఆ మాట నా గొంతులో ముల్లులాగా ఉండిపోయింది. ఇక ఎవరికి భయం? ఒక మధ్యాహ్నం మస్తాన్ అంగడికి వెళ్ళాను. అతను సోడా కొట్టి ఇచ్చాడు గానీ కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. చెప్పాను. గ్లాసూ, ఐసూ, చప్పుడూ, ఆయన చెప్పవద్దన్నదీ, అంతా చెప్పాను. మొదట అతను సీసాలు తుడుస్తూ విన్నాడు. తర్వాత తుడవడం ఆపేశాడు. చేతిలోని సీసా కింద పెట్టి అడిగాడు.

“ఆ పొద్దు గ్లాసులో ఏసింది... నేను తెచ్చిన ఐసేనా అబ్బా?”

“నువ్వు తెచ్చిందే,” అన్నాను.

అంగడి వెనకే వాళ్ళ ఇల్లు. లోపల ఫాతిమా కోడల్ని ఏదో పని గురించి గట్టిగా కసురుతోంది. మస్తాన్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం ఆ గొంతు వింటూ ఉండిపోయాం.